పేదరికాన్ని, అన్యాయాన్ని బొమ్మ కట్టడం: మొదటి అడుగు నుంచి ప్రదర్శన దాకా

"సార్, మా ఊరి కష్టం గీయాలని ఉంది. గీస్తే జాలి బొమ్మ అవుతోంది." డ్రాయింగ్ నేర్చుకునే పిల్లలు, ఊళ్ళలో గోడల మీద బొమ్మలేసే యువకులు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఒక్కొక్కరికీ విడిగా చెప్తూ వచ్చాను. ఇప్పుడు మొత్తం వరసగా రాస్తున్నాను.

ఇది 8 బొమ్మల వరస కోసం రాసిన పద్ధతి. ఒక్క ఊరు, ఒక్క విషయం, సుమారు మూడు నెలల పని. నల్లగొండ, పాలమూరు వైపు ఊళ్ళను దృష్టిలో పెట్టుకుని రాశాను. బొమ్మ గీయడం కొంత వచ్చి ఉంటే చాలు.

## 1. విషయాన్ని ఒక్క వాక్యంలోకి దించండి

"పేదరికం" అనే మాటను బొమ్మ వేయలేం. కాగితం మీదికి వచ్చేసరికి అది చినిగిన చొక్కా, ఖాళీ కంచం, లోపలికి పోయిన కళ్ళు అవుతుంది. ఆ మూడూ ఏ దేశంలోనైనా ఒక్కలాగే ఉంటాయి. మీ ఊరు అందులో కనబడదు.

అందుకే పెన్సిల్ పట్టకముందు ఒక వాక్యం రాయండి. ఎవరు, ఎవరికి, దేనితో, ఏం చేశారు అన్నది ఆ వాక్యంలో ఉండాలి.

- "వలస" అని రాయకండి. "గుంపు మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు తీరేదాకా ఆలుమగలు సైటు విడిచి రాలేరు" అని రాయండి.
- "ఫ్లోరైడ్ సమస్య" అని రాయకండి. "ఊరికి బోరు నీళ్ళే దిక్కు కాబట్టి ముప్పై ఏళ్ళు అవే తాగాడు, ఇప్పుడు మెడ తిరగదు" అని రాయండి.
- "కులవివక్ష" అని రాయకండి. "చాయ్ తాగాక ఆయన గ్లాసు ఆయనే కడిగి బయట విడిగా పెట్టాలి" అని రాయండి.
- "నేతన్న కష్టం" అని రాయకండి. "నెల రోజులు ఇంటిల్లిపాదీ చేసిన పనికి సావుకారి పుస్తకంలో ఒక్కరి కూలే పడింది" అని రాయండి.

ప్రతి వాక్యంలోనూ ఒక వస్తువు ఉంది చూడండి. అడ్వాన్సు, బోరు, గ్లాసు, పుస్తకం. మీ 8 బొమ్మలకూ ఇరుసు ఆ వస్తువే. మనుషులు, ఇళ్ళు, ఆకాశం అన్నీ దాని చుట్టూ తిరగాలి.

వాక్యం సరిగ్గా వచ్చిందో లేదో ఇలా చూసుకోండి:

- చేసినవాళ్ళు లేదా చేయించిన ఏర్పాటు అందులో ఉందా?
- చేత్తో పట్టుకోగల వస్తువు ఒకటైనా ఉందా?
- ఆ ఊరివాళ్ళకు చదివి వినిపిస్తే "అవును, అంతే" అంటారా?

మూడో ప్రశ్నకు జవాబు రావాలంటే ఊరికి వెళ్ళాలి.

## 2. గీతకు ముందు నిజం

కనీసం మూడుసార్లు వెళ్ళండి. మొదటిసారి పుస్తకం, కెమెరా రెండూ ఇంట్లోనే వదిలేయండి. కూర్చుని మాట్లాడి రండి, అంతే. రెండోసారి కొలతలు తీసుకోండి. మూడోసారి స్కెచ్ పుస్తకం తెరవండి.

కొలతలు అంటే ఏమిటని చాలామంది అడుగుతారు. బిందెలు ఎన్ని, బావి ఎన్ని అడుగుల దూరం, తట్టలో ఎంత మట్టి పడుతుంది, కూలీలు పని కోసం నిలబడే అడ్డాకు ఎన్ని గంటలకు వస్తారు, పని దొరకక ఎన్ని గంటలకు తిరిగి వెళ్తారు, ముంబై బస్సులో మూటలు ఎక్కడ పెడతారు, వెంట తీసుకుపోయే గిన్నెలు ఎన్ని. ఇవి మీ దగ్గర ఉంటే బొమ్మలో దేన్నీ ఊహించి నింపాల్సిన పని ఉండదు. "చాలా దూరం" అని మీరు గీయలేరు. "చేదబావి దగ్గర్నుంచి ఇంటికి నాలుగుచోట్ల బిందె దించుకుంది" అంటే గీయగలరు.

విషయం గురించి శాస్త్రం కూడా తెలియాలి. ఫ్లోరైడ్ మీద వచ్చిన బొమ్మల్లో నేను చూసిన పెద్ద పొరపాటు మురికి నీళ్ళు. గోధుమరంగు నీళ్ళు, పైన తేలే చెత్త. ఫ్లోరైడ్ నీళ్ళకు రంగు లేదు, వాసన లేదు, రుచి తేడా లేదు. తళతళలాడే నీళ్ళే మనిషి ఎముకల్ని బిగించేస్తాయి. ఇది తెలిసిన చిత్రకారుడు గ్లాసును అద్దంలా గీస్తాడు, పట్టుకున్న చేతిని వంకరగా గీస్తాడు. బొమ్మకు బలం అక్కడే వస్తుంది.

మర్రిగూడ, మునుగోడు, చండూరు, దేవరకొండ వైపు పనిచేసేవాళ్ళు ఇవి రాసిపెట్టుకోండి:

- తాగునీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని భారత ప్రమాణం. వేరే నీళ్ళు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటారు.
- ఇక్కడి గ్రానైటు రాళ్ళలోంచే అది భూగర్భజలంలోకి దిగుతుంది. నేపథ్యంలో గుండ్లు, గుట్టలు గీస్తే అది అలంకారం కాదు, కారణం.
- కాచినా ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పొయ్యి మీద నీళ్ళు కాగుతున్న బొమ్మను పరిష్కారంలా చూపకండి.
- పళ్ళ మీద గార చిన్నతనంలో, పళ్ళు తయారయ్యే వయసులో ఆ నీళ్ళు తాగినవాళ్ళకే వస్తుంది. మంచినీళ్ళున్న ఊరి నుంచి కోడలిగా వచ్చిన ఆమెకు పళ్ళు తెల్లగానే ఉండి కీళ్ళు బిగుసుకుపోవచ్చు. అందరి పళ్ళకూ గోధుమరంగు పూయకండి.
- బిగిసిన ఎముక మళ్ళీ మామూలు కాదు.
- నల్లగొండ పేరుమీదే ఒక శుద్ధి పద్ధతి ఉంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, తేర్చి, వడగట్టడం. పాత ట్యాంకులు, బకెట్లు ఎక్కడైనా కనబడితే గీసి పెట్టుకోండి.

మిషన్ భగీరథ నల్లా వచ్చిన ఊళ్ళో పాత బోరు బొమ్మ గీసి "నేటి పరిస్థితి" అని రాస్తే అది అబద్ధం. నల్లా వచ్చిన వాకిట్లోనే వంగిన నడుముతో కూర్చున్న మనిషిని గీయండి. నీళ్ళు మారాయి, ఒళ్ళు మారలేదు. చెప్పాల్సింది అదే.

అంకెలు కావాలంటే పంచాయతీ కార్యదర్శిని అడగండి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఊరి పంచాయతీకి పెట్టేదానికి ఫీజు లేదు. మండల ఆఫీసుకైతే 5 రూపాయలు, ఆపై ఆఫీసులకు 10 రూపాయలు, తెల్లకార్డు ఉన్నవాళ్ళకు అది కూడా ఉండదు. 30 రోజుల్లో జవాబు రావాలి. కాబట్టి మొదటి వారంలోనే పెట్టేయండి. బొమ్మలు పూర్తయ్యాక గుర్తొస్తే ఆలస్యమైపోతుంది.

## 3. అనుమతి అడగడం

ఇది మర్యాద కోసం చేసే పని అనుకోకండి. బొమ్మ నాణ్యత దీనిమీదే ఉంటుంది.

చాలా ఏళ్ళ కింద నేను ఒక పెద్దాయన్ని గీశాను. నడుము వంగిపోయిన మనిషి, గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. దూరం నుంచి ఫోటో తీసుకుని, ఇంటికొచ్చి చార్‌కోల్‌తో పెద్దది వేశాను. కళ్ళలో తడి నేనే కలిపాను. పట్నంలో ప్రదర్శనకు పెడితే అందరూ మెచ్చుకున్నారు. ఆయన మనవరాలు అక్కడే చదువుకుంటోంది, వచ్చి చూసింది. "మా తాత గిట్ల ఎన్నడు ఏడ్చిండు సార్? ఊరందరికీ తలుపులు చేసిచ్చినోడు ఆయన. ఆయన రంపం ఇప్పటికీ ఇంట్ల ఉంది. అది గియ్యలేదు మీరు" అంది. ఆ సాయంత్రమే బొమ్మ తీసేశాను. ఇప్పటికీ ఏ ఇంటికి వెళ్ళినా ముందు అడిగేది, "పెద్దాయనా, నువ్వు ఏం పని చేసేవాడివి?" అనే.

అడిగేటప్పుడు ఈ నాలుగు విషయాలు దాచకుండా చెప్పండి:

1. బొమ్మ ఎందుకు గీస్తున్నారు.
2. ఎక్కడెక్కడ పెడతారు. ఊళ్ళోనా, పట్నంలోనా, ఫోన్లలో తిరుగుతుందా.
3. అమ్ముడుపోతే డబ్బు ఎవరికి.
4. తర్వాత వద్దంటే తీసేస్తారు.

"దీనివల్ల మీకు ఏదో వస్తుంది" అని మాత్రం ఆశ పెట్టకండి. పింఛన్ వస్తుందనో, ఇల్లు మంజూరవుతుందనో అనుకుని ఒప్పుకున్న మనిషిది ఒప్పుకోలు కాదు. తల ఊపారని సరిపెట్టుకోకండి. మరుసటి రోజు మళ్ళీ అడగండి. రెండోరోజు చెప్పిన మాటే అసలు మాట.

కొన్నిచోట్ల వాళ్ళు ఒప్పుకున్నా ముఖం గీయకూడదు. నేరానికి గురైన పిల్లల్ని, పనిలోంచి విడిపించిన పిల్లల్ని గుర్తుపట్టేలా చూపడం చట్టం ఒప్పదు. లైంగిక నేరాల బాధితుల విషయంలోనూ అంతే. ఆడపిల్లల్ని దేవుడి పేరున అంకితం చేసే జోగిని ఆచారం మీద గీసేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆ ఆచారాన్ని 1988లోనే చట్టం నిషేధించింది, కానీ ఆ పేరు పడ్డ ఆడవాళ్ళు, వాళ్ళ పిల్లలు ఈరోజూ అదే ఊళ్ళో బతుకుతున్నారు. ముఖం, ఇంటి గుమ్మం, పచ్చబొట్టు, ఊరి గుడి, ఏదైనా పట్టిచ్చేస్తుంది. అక్కడ వస్తువుతోనే చెప్పండి. బడికి పోవాల్సిన పిల్ల పలక, పక్కన పసుపు తాడు. చాలు.

అప్పు ఇచ్చినవాడు, మేస్త్రి, భూమి ఉన్న ఆసామి కూడా అదే ఊళ్ళో ఉంటారు. బొమ్మలో గుర్తుపట్టగలిగితే ఆ కోపం మీ మీదికి రాదు. మీరు బస్సెక్కి వెళ్ళిపోతారు, అది కూలీ మీద పడుతుంది. మేస్త్రిని గీయాలంటే అతని చేయి, పుస్తకం, చెప్పులు గీయండి.

## 4. సామాను

ఖరీదైనవి అక్కర్లేదు. 1943 బెంగాల్ కరువును గీసిన జైనుల్ ఆబెదిన్ చవకరకం ప్యాకింగ్ కాగితం మీద నల్ల సిరాతో పనిచేశాడు. మనకూ సరిపోతుంది.

చింతపుల్లల బొగ్గు. చిటికెనవేలంత లావు ఎండు చింతపుల్లలు జానెడు పొడవు కోసి బెరడు తీయండి. మూత గట్టిగా పట్టే రేకు డబ్బాలో ఇరికించి పేర్చండి. మూతకు మేకుతో ఒక్క రంధ్రం. కట్టెల పొయ్యిలో పెట్టండి. రంధ్రంలోంచి పొగ రావడం పూర్తిగా ఆగిపోయాక బయటికి తీసి, చల్లారేదాకా మూత తెరవకండి. వేడిగా తెరిస్తే గాలి తగిలి బూడిదవుతుంది. విరిస్తే లోపల కూడా నల్లగా ఉండాలి. గోధుమరంగు కనబడితే ఇంకాసేపు కాల్చండి.

జాజు. ఇళ్ళ గోడలకు పూసే ఎర్రటి జాజునే రంగుగా వాడుకోవచ్చు. నీళ్ళలో బాగా కలిపి ఒక నిమిషం ఆగండి, ఇసుక అడుక్కి పోతుంది. పైనీళ్ళు వేరే గిన్నెలోకి వంచి రాత్రంతా ఉంచితే మెత్తటి ముద్ద మిగులుతుంది. అందులో ముందురోజు నానబెట్టిన తుమ్మబంక కలపండి. ఆరాక వేలికి అంటితే బంక చాలలేదని, పెచ్చులు లేస్తే ఎక్కువైందని గుర్తు.

ఈ రెండు రంగులతోనే 8 బొమ్మలూ వేయమంటాను. నలుపు మనుషులకు, ఎరుపు ఆ ఇరుసు వస్తువుకు. ఎనిమిదింటిలో ఎర్రగా ఉన్నది గ్లాసు ఒక్కటే అయితే చూసేవాడి కన్ను తప్పించుకోలేదు.

మిగతావి:

- మందం కాగితం 15 షీట్లు. అన్నీ ఒకే సైజు.
- జేబులో పట్టే చిన్న స్కెచ్ పుస్తకం. పెద్దది తెరిస్తే చుట్టూ జనం పోగవుతారు.
- మెత్తటి గుడ్డ, పిండిలా పిసికి వాడే మెత్తటి రబ్బరు.
- బొగ్గు రాలకుండా పైన కొట్టే ఫిక్సేటివ్ డబ్బా. ఆరుబయట, గాలి వాటం చూసుకుని కొట్టండి.
- అట్ట, క్లిప్పులు, నీళ్ళ సీసా, టోపీ. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున తొమ్మిది లోపే పని ముగించుకోండి.

## 5. అక్కడే కూర్చుని గీయడం

క్రమం ఇది: ముందు స్థలం, తర్వాత చేతులు, తర్వాత ఒళ్ళు, చిట్టచివర ముఖం. మనకు అలవాటు దీనికి తలకిందులు. ముఖంతో మొదలుపెడతాం, కళ్ళు బాగా కుదిరితే అక్కడే ఆగిపోతాం. మిగతా కాగితమంతా మసిపూసి వదిలేస్తాం.

స్థలం. పది నిమిషాలు. గుమ్మం ఎత్తు, పైకప్పు పెంకా రేకా, వెలుగు ఎటునుంచి. రేకుల షెడ్డులో వెలుగు చీలికలుగా పడుతుంది. దాన్ని వదలకండి.

చేతులు. ఒక పేజీ నిండా చేతులే గీయండి. పత్తి ఏరే చేతికి వేళ్ళ చివర్లు గీరుకుపోయి ఉంటాయి. మట్టి మోసిన చేతికి మణికట్టు లావు. పోచంపల్లి వైపు వెళ్తే ఆసు పోయడం చూడండి. చిటికి (ఇక్కత్) చీరకు దారం సిద్ధం చేసేటప్పుడు ఆడవాళ్ళు మేకుల చుట్టూ చేయి అటూ ఇటూ ఆడిస్తూ ఒక్కో చీరకు వేలసార్లు తిప్పాలి. యంత్రం వచ్చిన ఇళ్ళలో ఆ బాధ తప్పింది, రాని ఇళ్ళలో భుజం ఇంకా అరుగుతోంది. దీన్ని ఒకే భుజం నుంచి విసనకర్రలా విచ్చుకున్న ఆరేడు చేతులుగా గీయండి. కదలిక, అలసట రెండూ ఒకేసారి వస్తాయి.

ఒళ్ళు. ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. బరువు మోసే మనిషిని గీసేటప్పుడు తలమీది తట్ట మధ్య నుంచి నిలువుగా ఒక గీత ఊహించండి. అది బరువు ఆనిన పాదం మీద పడాలి. పక్కకు పడితే మనిషి పడిపోతున్నట్టు ఉంటుంది, లేదా తట్ట ఖాళీగా ఉన్నట్టు ఉంటుంది. మెడ నరాలు, బిగిసిన పిక్కలు, కొద్దిగా విచ్చుకున్న కాలివేళ్ళు. బరువును చూపించేవి ఇవే. ముఖంలో బాధ పెట్టాల్సిన అవసరమే లేదు. నిజానికి బరువు మోసేటప్పుడు మనిషి ముఖం ఏ భావమూ లేకుండా నిమ్మళంగా ఉంటుంది.

ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల వచ్చే జబ్బు) ఉన్న మనిషిని "ముసలితనం"లా గీయకండి. తేడా ఇలా ఉంటుంది:

- మెడ విడిగా తిరగదు. పక్కకు చూడాలంటే భుజాలు, ఛాతీ అన్నీ కలిపి తిప్పుతాడు.
- వెన్ను కర్రలా బిగిసి, ముందుకు వంగి ఉంటుంది. మెత్తటి వంపు కాదు.
- మోచేయి, మోకాలు పూర్తిగా చాపలేడు. గొంతుక్కూర్చోలేడు. అందుకే ఎత్తయిన అరుగునో, మంచం పట్టెనో ఆనుకుంటాడు.
- పిల్లల్లో కొందరికి మోకాళ్ళు లోపలికి ఒరిగి, పాదాలు ఎడంగా ఉంటాయి.

అతను తిరిగి చూసే తీరును మూడు చిన్న స్కెచ్‌లుగా పక్కపక్కన వేయండి. పూర్తి బొమ్మ కన్నా ఆ మూడే ఎక్కువ చెప్తాయి.

ముఖం. వాళ్ళు మాట్లాడుతుండగా గీయండి. "కదలకు తాతా" అంటే ముఖం కొయ్యబారిపోతుంది. నవ్వితే నవ్వే గీయండి. పేదవాడు నవ్వకూడదని ఎవరన్నారు?

## 6. అన్యాయం కనబడేలా బొమ్మ కూర్చడం

కష్టం చూపించడం తేలిక. దానికి కారణం ఏమిటో కూడా కనబడితేనే అది అన్యాయం బొమ్మ అవుతుంది. వంగిన మనిషిని ఒక్కణ్ణే గీస్తే చూసేవాడు "అయ్యో, తలరాత" అనుకుని పోతాడు. అదే కాగితంలో వంచినదేదో కూడా ఉండాలి.

కంటి మట్టం. మీరు నిలబడి, నేల మీద కూర్చున్న మనిషిని గీస్తే చూసేవాడు కూడా పైనుంచే చూస్తాడు. మీరూ నేలమీద కూర్చోండి. బొమ్మ సగం మారిపోతుంది.

చేతుల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం. అడ్వాన్సు బొమ్మలో డబ్బు అందించే చేయి, అందుకునే చేయి, మధ్యలో వేలిముద్ర పడుతున్న పుస్తకం. రెండు చేతులూ ఒకే సైజులో ఉండాలి. ఇచ్చే చేతిని రాక్షసుడి చేయిలా గోళ్ళు పెంచి గీయకండి. గుంపు మేస్త్రి చాలాసార్లు నిన్నటి కూలీయే. తప్పు ఆ ఏర్పాటులో ఉంది. మామూలు చేయి చేసే మామూలు పనిలా కనబడితేనే చూసేవాడు ఉలిక్కిపడతాడు.

దూరం. రెండు గ్లాసుల పద్ధతిని ఎలా గీస్తారు? చాలామంది కోపంగా చూసే హోటలు యజమానిని, దించుకున్న తలను గీస్తారు. నేనైతే మనుషుల్నే తీసేస్తాను. లోపలి బల్ల మీద వరసగా పేర్చిన గ్లాసులు. బయట చూరు కింద, కాగితం ఆ చివర, ఒక్క గ్లాసు. మధ్యలో ఖాళీ. ఆ ఖాళీని నింపాలనిపిస్తుంది, నింపకండి.

ఒకే కాగితంలో రెండు చోట్లు. దేశంలో ఎన్నో డ్యాములు, కాలువల పనుల్లో పాలమూరు లేబర్ చెమట ఉంది. పైన కట్ట, కింద అదే మనిషి సొంతూళ్ళో ఎండిన చెలక. మధ్యలో గీత గీయకుండా, కట్ట నీడే చెలక మీద పడేలా కలపండి.

ఇక్కడ ఇంకో మాట. మన నేలమీద కష్టపడేవాళ్ళంతా మనవాళ్ళే కారు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లాలో ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలినప్పుడు లోపల చిక్కుకున్న 8 మందీ జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్ముకశ్మీర్ నుంచి వచ్చినవాళ్ళు. మనవాళ్ళు ముంబైకి పోతే, జార్ఖండ్ వాళ్ళు మన సొరంగంలోకి వచ్చారు. వలస మీద వరస వేసేవాళ్ళు ఒక్క బొమ్మనైనా వాళ్ళకు కేటాయించండి.

8 బొమ్మల వరస. ఇలా పేర్చుకోవచ్చు:

1. ఊరు, ఇల్లు. మనిషి లేకుండా.
2. మనిషి తన నైపుణ్యంతో. రంపం, మగ్గం, నాగలి, ఏదైతే అది.
3. ఇరుసు వస్తువు, దగ్గరగా.
4. ఇచ్చిపుచ్చుకునే క్షణం.
5. ఒళ్ళు మీద దాని గుర్తు.
6. ఇంట్లో మిగిలినవాళ్ళు. వలసపోయిన ఇంట్లో అవ్వ, పిల్లలు.
7. ఎదురు తిరిగిన క్షణం. అర్జీ పట్టుకుని నిలబడటం, లెక్క అడగటం, గ్లాసు కడగనని చెప్పడం.
8. మొదటి బొమ్మలోని చోటే, ఇప్పుడు మనిషితో.

ఏడోది వదిలేయకండి. ఎదురు తిరగని ఊరు నేను చూడలేదు. చిన్నదైనా ఉంటుంది, అడిగితే చెప్తారు.

## 7. తరచూ జరిగే తప్పులు, సరిచేసే దారి

అన్నీ నల్లగా మసిపూయడం. దుఃఖం అంటే చీకటి అనుకుంటాం. మన ఊళ్ళలో కష్టం ఎక్కువగా మిట్టమధ్యాహ్నం ఎండలోనే జరుగుతుంది. కాగితం తెలుపును వదిలేయండి. నీడను పాదాల కింద చిన్నగా, గట్టిగా పెట్టండి.

బట్టలు చింపేయడం. కూలికి పోయే ఆమె చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుంటుంది, తలకు గుడ్డ చుట్టుకుంటుంది. చినిగినచోట కుట్టుకుంటుంది. ఆ కుట్టు గీయండి.

ఏ ఊరో తెలియకపోవడం. బొమ్మలోంచి మనిషిని చేత్తో మూసి చూడండి. మిగిలినదాన్ని చూసి నల్లగొండో, నారాయణపేటో అనిపించకపోతే స్థలం స్కెచ్‌లకు తిరిగి వెళ్ళండి. గుండ్లు, తాటిచెట్లు, తుమ్మలు, పత్తిచేను, నీళ్ళడ్రమ్ము.

గుర్తుల గోల. సంకెళ్ళు, తక్కెడ, కన్నీటి చుక్కలో భారతదేశం పటం. ఇవి వచ్చాయంటే విషయం మీకు ఇంకా తెలియలేదని అర్థం. ఒకటో భాగంలో రాసిన వాక్యంలోని వస్తువు దగ్గరికి రండి.

ఫోటో చూసి దించడం. లెన్సు దగ్గరిదాన్ని పెద్దది చేస్తుంది, చేతులు ఉబ్బుతాయి. ఫోటోను గోడ రాళ్ళు, బట్టల మడతలు గుర్తుకోసమే వాడండి. ఒళ్ళు మాత్రం స్కెచ్ నుంచే తీయండి.

## 8. బొమ్మ కింద రాత

రెండు వాక్యాలు చాలు. మొదటిది అతను ఎవరు, ఏం పని. రెండోది జరిగింది. ఊరు, నెల, సంవత్సరం. పేరు రాయమన్నవాళ్ళది రాయండి, వద్దన్నవాళ్ళకు మారుపేరు కూడా పెట్టకండి, పని పేరు పెట్టండి.

"అభాగ్యులు", "బడుగు జీవి", "మౌనరోదన" లాంటివి వద్దు. వాళ్ళ మాటల్లోనే ఒకటి వాడగలిగితే ఇంకా మంచిది, వాళ్ళు అన్నది అన్నట్టుగా, యాస దిద్దకుండా. అంకె వేస్తే ఎక్కడ కొలిచారో, ఎప్పుడు కొలిచారో దాని పక్కనే ఉండాలి.

## 9. ముందు ఊళ్ళో చూపించండి

పట్నంలో హాలు దొరికినా సరే, మొదటి ప్రదర్శన ఆ ఊళ్ళోనే. బడి వరండా, పంచాయతీ ఆఫీసు ముందు, రచ్చకట్ట. వాడకు దూరంగా ఉన్న చోటు, అందరూ అడుగుపెట్టలేని చోటు ఎంచుకోకండి. కులం మీద వేసిన బొమ్మల్ని గుడి మండపంలో పెడితే ఎవరి కోసం వేశారో వాళ్ళే చూడలేకపోవచ్చు.

కూలికి పోయినవాళ్ళు తిరిగొచ్చే వేళ, సాయంత్రం ఆరు తర్వాత పెట్టండి. నులకతాడు కట్టి క్లిప్పులతో వేలాడదీయండి. కూర్చున్న మనిషి కంటికి అందే ఎత్తులో. రెండు బల్బులు, చూరు కింద. గాలి వస్తే కింద కూడా ఒక తాడు.

ఊరివాళ్ళు తప్పులు పట్టుకుంటారు. "బిందె అట్ల చంకల పెట్టుకోం", "ఆ చెట్టు ఇటు ఉంటది" అంటారు. రాసుకోండి. రెండు బొమ్మలైనా మళ్ళీ వేయాల్సి వస్తుంది. అందుకే 15 షీట్లు చెప్పాను.

పట్నానికి తీసుకెళ్ళేముందు చూసుకోండి:

- బొమ్మలో ఉన్న ప్రతి మనిషీ తన బొమ్మ చూశారా?
- కింద రాసింది చదవడం రానివాళ్ళకు చదివి వినిపించారా?
- ఎవరినైనా గుర్తుపట్టి ఇబ్బంది పెట్టే అవకాశం మిగిలి ఉందా?
- ఒక్కో బొమ్మ నకలు ఆ ఇంటికి ఇచ్చారా? ఫ్రేమ్ కట్టించి ఇస్తే నాలుగు కాలాలు నిలుస్తుంది.
- అమ్మకం డబ్బులో వాళ్ళ వాటా ఎంతో ముందే చెప్పి, రాసి ఉంచారా?

వాటా ఎంత అని అడుగుతారు. నేను సామాను ఖర్చు తీసేసి సగం ఇస్తాను. మీరు ఎంతైనా అనుకోండి, కానీ బొమ్మ అమ్ముడయ్యాక అనుకోకండి.

అసలు బొమ్మల మధ్య పలుచటి కాగితం పెట్టి, అట్టల మధ్య బల్లపరుపుగా ఉంచండి. చుట్టి పెడితే బొగ్గు పెచ్చులు ఊడుతుంది. వానాకాలంలో నెలకోసారి తీసి గాలికి పెట్టండి.

ఏడాదికి మళ్ళీ ఆ ఊరు వెళ్ళి బొమ్మ కింది రాతను సరిచూడండి. నల్లా వచ్చి ఉండొచ్చు, అప్పు తీరి ఉండొచ్చు, మనిషి పోయి ఉండొచ్చు. పాత వాక్యం కొట్టేయకుండా, కింద తేదీ వేసి ఇంకో వాక్యం రాయండి.